కొత్త సరస్సులో స్ట్రైపర్ వేటకు బతికున్న ఎర: వల మేలా, దీపం మేలా, దుకాణం మేలా?

డాలస్ ఉత్తర శివార్లలో ఉంటూ చేపల వేట సరదా ఉన్న తెలుగువారు తొలిసారి లేక్ టెక్సోమాకు వెళ్లినప్పుడు, స్ట్రైపర్లు అనే చారల బాస్ చేపలు ఎక్కడ తిరుగుతున్నాయో తెలుసుకోవడానికి ముందే ఇంకొక చిక్కును విప్పుకోవలసి వస్తుంది. గాలానికి గుచ్చవలసిన బతికున్న ఎరను ఎక్కడ, ఎలా సంపాదించాలన్నదే ఆ చిక్కు. విసురు వలతో పట్టడం, రాత్రివేళ నీటిపై దీపం పెట్టి పోగుచేయడం, చిన్న గాలాల వరుసతో లాగడం, డబ్బిచ్చి కొనుక్కోవడం అనే నాలుగు దారులున్నాయి. తెలిసిన చెరువులో ఇది అలవాటు మీద తేలిపోయే విషయం. తెలియని సరస్సులో మాత్రం తప్పుడు దారి ఎంచుకుంటే, చేపలు ఎరను అందుకునే ఉదయపు తొలి రెండు గంటలూ ఎర కోసమే ఖర్చయిపోతాయి.

టెక్సోమా చిన్న సరస్సు కాదు. రెడ్ నదిపై 1944లో పూర్తయిన డెనిసన్ ఆనకట్ట వెనుక, టెక్సస్, ఓక్లహోమా రాష్ట్రాల సరిహద్దులో, దాదాపు 89,000 ఎకరాల మేర అది విస్తరించి ఉంది. స్ట్రైపర్ అని అందరూ పిలిచే చారల బాస్ నిజానికి అట్లాంటిక్ తీరపు చేప. మన పులస బంగాళాఖాతం నుంచి గోదావరికి ఎదురీదినట్లే అది కూడా గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదుల్లోకి ఎక్కుతుంది. దాని గుడ్లు పొదగబడేవరకు, అంటే ఇంచుమించు రెండు రోజులు, పారే నీటిలో తేలుతూ ఉండాలి కనుక చాలా సరస్సుల్లో అది తనంతట తాను పెరగలేదు. అక్కడ చేపపిల్లలను తెచ్చి వదలవలసిందే. రెడ్, వాషిటా నదుల పారుదల ఉండటం వల్ల టెక్సోమాలో మాత్రం అది సహజంగానే వృద్ధి చెందుతోంది. అంతటి మందలను పోషించే ప్రధానాహారం షాడ్ అనే చేప కాబట్టి ఇక్కడ ఎర అంటే షాడ్ అనే అర్థం. పులస కూడా షాడ్ కోవకు చెందినదే కావడం గోదావరి వాళ్లకు కాస్త వింతగా తోచవచ్చు.

అరచేతిలో పెట్టుకుని చూస్తే ఈ షాడ్ రెండు రకాలుగా కనిపిస్తుంది. తోక పసుపు పచ్చగా ఉండి, వేలెడంత పొడవుండేది థ్రెడ్‌ఫిన్; తోకలో పసుపు లేకుండా, మూతి మొద్దుగా ముందుకు వచ్చి, జానెడు దాటి కూడా పెరిగేది గిజార్డ్. రెండింటికీ వీపు రెక్క చివర దారంలా ఒక ముల్లు వేలాడుతుంది కనుక దాన్ని బట్టి పోల్చుకోబోతే పొరపడతారు. గిజార్డ్ గట్టిది, పెద్ద చేపను ఆశించేవారికి తగినది. థ్రెడ్‌ఫిన్ సున్నితమైనది, చలి నీటికి తట్టుకోలేనిది. కానీ స్ట్రైపర్లు చిన్న ఎర మీదే మనసు పెట్టిన రోజున పెద్ద గిజార్డ్‌ను ఎదుట ఆడించినా వాసన చూసి వదిలేస్తాయి.

గాలాల వరుస సంగతి మొదట తేల్చేస్తాను, ఎందుకంటే టెక్సోమాలో దానికి పెద్దగా చోటు లేదు. సబీకి అనే ఆ దారానికి ఐదారు చిన్న గాలాలు, మెరిసే పోగులు కట్టి ఉంటాయి. షాడ్ నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టుకుని, అడుగు బురదను జల్లించుకుని బతికే చేప. గాలాన్ని నోట పట్టడం దాని స్వభావంలో లేదు. అదే జార్జియాలోని లేక్ లేనియర్‌లా బ్లూబ్యాక్ హెర్రింగ్ అనే ఎర చేప ఉండే సరస్సయితే సబీకి చక్కగా పనిచేస్తుంది, చేపకు వల రాపిడి తగలదు కనుక పొలుసు కూడా రాలదు. కాబట్టి సరస్సులో ఏ ఎర చేప ఉందో తెలుసుకోకుండా సబీకిని నమ్ముకోవడం దండగ.

విసురు వలకు వస్తే, ఇంత తక్కువ సమయంలో ఇన్ని చేపలు ఇచ్చే సాధనం మరొకటి లేదు. నీరు వేడెక్కే వసంతకాలంలో షాడ్ గుడ్లు పెట్టడానికి తెల్లవారుజామున రాతి కట్టల వెంట, పడవలు కట్టే డాక్‌ల పక్కన ఒడ్డుకు ఒరుసుకుని తిరుగుతుంది. ఆ వేళ సరిగ్గా విచ్చుకున్న రెండు విసుర్లు రోజంతటికీ సరిపోతాయి. మిగతా కాలాల్లో పాయల చివర మోకాటి నుంచి నడుము లోతు వరకు ఉండే బురద నేలలను, గాలి అలలను తోస్తున్న ఒడ్డును వెతకాలి. కొంగ కదలకుండా నిలబడిన చోటు, నీటి పైన చినుకులు పడినట్లు చిటచిటమనే చోటు కొత్తవాడికి, నీటి అడుగున ఏముందో చూపే సోనార్ తెర కంటే ముందే జాడ చెబుతాయి. చలికాలంలో షాడ్ లోతుకు దిగిపోతుంది. అప్పుడు త్వరగా మునిగే బరువైన వల, అనుభవమున్న చేయి రెండూ కావాలి.

వల కొనేటప్పుడే ఒక మెలిక ఉంది. టెక్సస్ నిబంధన ప్రకారం విసురు వల వ్యాసం 14 అడుగులు మించరాదు. దుకాణాల్లో వలలను అమ్మేది వ్యాసార్ధం లెక్కన. అంటే 8 అడుగుల వల అని రాసి ఉన్నది విప్పితే 16 అడుగులు అవుతుంది. నేను మొదట కొన్నది అదే. ముడి కూడా విప్పకుండా తిరిగి ఇచ్చి 7 అడుగులది తెచ్చుకున్నాను. ఓక్లహోమా వైపు నీటికి వేరే నిబంధనలున్నాయి, వాటిని విడిగా చదువుకోవాలి. వల కన్ను, అంటే అల్లికలోని రంధ్రం, సంగతి కూడా ముఖ్యమే: కన్ను పెద్దదైతే వల వేగంగా మునుగుతుంది కానీ థ్రెడ్‌ఫిన్లు మొప్పల దగ్గర ఇరుక్కుని వందల కొద్దీ వేలాడతాయి, వాటిని ఒక్కొక్కటిగా విడిపించేసరికి సూర్యుడు నెత్తిమీదికి వస్తాడు, చిన్న కన్ను వలలో అవి చెక్కుచెదరకుండా వస్తాయి, కానీ వల నింపాదిగా దిగుతుంది కనుక లోతులో మంద తప్పించుకుంటుంది.

తెలియని సరస్సులో వలకు అసలైన శత్రువు నీట మునిగిన చెట్లు. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోయిన మోడులు పాయల్లో ఎక్కడ నిలబడి ఉన్నాయో స్థానికులకు తెలుస్తుంది, మనకు తెలియదు. మూడో విసురుకే నా వల ఒక కొమ్మకు చుట్టుకుంది. పడవను దాని మీదికే తీసుకెళ్లి నిలువుగా లాగి ఉంటే బయటపడేదేమో, పక్కకు గుంజడం వల్ల జానెడు చిరుగుతో చేతికి వచ్చింది. అందుచేత విసరడానికి ముందు ఆ చోట సోనార్‌తో ఒకసారి అడుగు చూసుకోవడం, లేదా పడవ దించే రాంపుకు దగ్గరలోని శుభ్రమైన నేలతోనే మొదలుపెట్టడం మేలు.

దీపం పద్ధతిలో ఈ వెతుకులాట ఉండదు. చీకటి పడ్డాక ఆకుపచ్చ దీపాన్ని నీటిలోకి దించితే వెలుగుకు సూక్ష్మజీవులు, వాటి కోసం షాడ్ చేరుకుంటాయి. గంటో రెండు గంటలో ఓపిక పడితే మంద మన కాళ్ల కిందికే వస్తుంది. అమావాస్య చుట్టుపక్కల రోజులు దీనికి అనుకూలం, పున్నమి వెన్నెలలో దీపానికి పట్టు తగ్గుతుంది. అయితే పరిచయం లేని నీటిపై చీకట్లో పడవ నడపడం ఎవరికీ సలహా ఇవ్వదగినది కాదు కనుక, అనుమతి ఉన్న డాక్‌కు పడవ కట్టుకుని మాత్రమే ఈ పని చేయాలి. పైగా రాత్రి పట్టిన ఎరను తెల్లవారే వరకు బతికించుకోవాలి, అసలు కష్టమంతా అక్కడే ఉంది.

షాడ్ చతురస్రపు తొట్టిలో మూలకు చేరి, ముక్కు గోడకు గుద్దుకుని చచ్చిపోతుంది. గుండ్రని తొట్టి, ఆగకుండా గాలి బుడగలు, సరస్సు నీరు, కొద్దిగా అయోడిన్ లేని ఉప్పు ఉండాలి. కుళాయి నీటిలోని క్లోరిన్ దానికి విషం. పెద్ద గిజార్డ్‌లయితే గాలన్ నీటికి ఒకటి చొప్పున మించకుండా ఉంచాలని అనుభవమున్నవారు చెబుతారు. నురగ కట్టి, చేపలు పైకి తేలి నోరు తెరుస్తుంటే నీరు మార్చవలసిన వేళ దాటుతోందని తెలుసుకోవాలి.

కొనడంలో శ్రమ లేదు, కానీ దొరకడం అనుమానం. నిలువ ఉంచడం ఇంత కష్టం కనుక చాలా దుకాణాల్లో షాడ్‌కు బదులు షైనర్ వంటి గట్టి చిన్న చేపలే, అంటే మిన్నోలే, ఉంటాయి. వాటికి కూడా స్ట్రైపర్ పడుతుంది, కానీ రోజూ తినే ఆహారం ముందు అవి రెండో వరుస ఎరే. టెక్సోమాలో 2009లో జీబ్రా మస్సెల్స్ అనే, నీటితోపాటు ఇతర సరస్సులకు పాకే పరాయి ఆల్చిప్పలు బయటపడిన తరువాత, పడవ సరస్సును వదిలి వెళ్లేటప్పుడు అందులోని నీరంతా పారబోయాలన్న నిబంధన వచ్చింది. కొన్న ఎరను నీటితో తీసుకువెళ్లేవారు ఎక్కడ కొన్నదీ తెలిపే రసీదు దగ్గర ఉంచుకోవాలి. మనం పట్టిన ఎర మాత్రం పట్టిన సరస్సులోనే వాడవలసి ఉంటుంది.

నన్ను అడిగితే, కొత్త సరస్సులో తొలి ఉదయం వలదే పైచేయి. అది ఎరతోపాటు వార్త కూడా తెస్తుంది: ఏ రకం షాడ్, ఎంత పొడవు, ఏ లోతులో ఉందో వల చెప్పగానే, గాలానికి ఏ సైజు గుచ్చాలో, పడవను ఎటు తిప్పాలో సగం తెలిసిపోతుంది. దుకాణపు మిన్నోలు ఆ వార్త చెప్పవు. అయినా వల విసరడం రానివారు, లేదా ఒక్క పూటే వ్యవధి ఉన్నవారు ముందే ఫోన్ చేసి రెండు డజన్లు కొనిపెట్టుకుంటే ఖాళీ చేతులతో తిరిగిరారు. దీపాన్ని సరస్సు కొంత పరిచయమై, గుండ్రని తొట్టి సమకూరిన రెండో, మూడో ప్రయాణానికి ఉంచుకోవడం మంచిది. వలలో సాండ్ బాస్, క్రాపీ వంటి వేటచేపలు పడితే వెంటనే నీటిలోకి వదిలేయాలి, వల ఉద్దేశించింది వాటి కోసం కాదు. తొట్టిలో చచ్చిన షాడ్‌ను పారేయకుండా ఐస్ మీద పెట్టండి. బతికున్న ఎర అయిపోయిన మధ్యాహ్నం, అడ్డంగా కోసిన ఆ ముక్కకే చేప పడటం నేను ఒకటికి రెండుసార్లు చూశాను.