హాలుకీ వంటింటికీ మధ్య గోడ: తీసేయడమా, ఉంచడమా?

2022 డిసెంబరు 18, ఆదివారం రాత్రి. ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌లో అర్జెంటీనా, ఫ్రాన్స్ ఫైనల్ మనకు ఎనిమిదిన్నరకు మొదలైంది. అర్జెంటీనా రెండు గోల్స్ ముందుంది, ఫ్రాన్స్ వైపు ఉలుకూ పలుకూ లేదు. ఇంక అయిపోయినట్టే అనుకుని చారు వేడి చేసి, నాలుగు వడియాలు వేయిద్దామని వంటింట్లోకి వెళ్ళాను. రెండో వాయి నూనెలో వేస్తుండగా హాల్లోంచి మా బావ అరుపు. పొయ్యి సిమ్‌లో పెట్టేలోపు ఇంకో అరుపు. 80వ నిమిషంలో ఒకటి, 81లో ఒకటి, ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపె రెండూ కొట్టేశాడు. నేను రెండూ రీప్లేలోనే చూశాను. తర్వాత మ్యాచ్ 3-3 దాకా వెళ్ళి పెనాల్టీల్లో అర్జెంటీనా గెలిచింది. అదంతా పక్కనే కూర్చుని చూశాను గానీ, ఆ రెండు గోల్స్ మాత్రం ఇప్పటికీ మనసులో ముల్లులా ఉన్నాయి.

మాది మేనరికం, అందుకే ఆయన్ని ఇప్పటికీ బావా అనే పిలుస్తాను. "ఆ గోడ లేకుంటే నువ్వు కూడా చూసుండేదానివి" అన్నాడు ఆ రాత్రి. ఆ మాటే చివరికి వంటిల్లు మొత్తం మార్చుకునే దాకా తెచ్చింది.

మా ఇల్లు తిరుపతిలో మామయ్య కట్టించిన పాత ఇల్లు. వంటిల్లు ఎనిమిదడుగులు బై పది. మా ముందున్న దారులు మూడు. గోడ మొత్తం తీసేసి ఓపెన్ కిచెన్ చేసుకోవడం. గోడ అలాగే ఉంచి లోపల మాత్రం కొత్తగా చేయించుకోవడం. లేదా గోడ కింది భాగం ఉంచి, పైభాగం కోసి, అక్కడ జరిపే అద్దాలు పెట్టడం.

మొదట మ్యాచ్‌ల వేళలు రాసుకున్నాం, ఎందుకంటే గోడ తీయాలన్న కోరిక పుట్టిందే అక్కడ. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం మూడు గంటల మ్యాచ్‌లు మనకు రాత్రి ఏడున్నరకు వస్తాయి. అక్టోబరు చివర వాళ్ళు గడియారం మార్చుకున్నాక, మార్చి చివరి దాకా ఎనిమిదిన్నరకు. సరిగ్గా మన రాత్రి వంట వేళ. యూరప్ క్లబ్బులు ఆడే చాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లు ఎక్కువగా అర్ధరాత్రి పన్నెండున్నరకో, ఒంటిగంటన్నరకో ఉంటాయి కాబట్టి అప్పుడు వంటే ఉండదు, మహా అయితే ఒక కాఫీ. 2026 వరల్డ్ కప్ అమెరికా, కెనడా, మెక్సికోల్లో. 104 మ్యాచ్‌లున్నా, మన టైములో రాత్రి పొద్దుపోయాకే మొదలై పొద్దున దాకా సాగుతాయి. ఫైనల్ మనకు జూలై 20 అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకు. అంటే గోడ తీస్తే మాకు నిజంగా కలిసొచ్చేది శని, ఆదివారాల సాయంత్రాలే. మిగిలిన ఐదు రోజులూ ఆ ఇంట్లో వంట చేసుకుని బతకాలి కదా. ఇది తేలాక తొందర తగ్గింది.

ఓపెన్ కిచెన్ మీద నాకున్న మోజు మాత్రం అంత తేలిగ్గా పోలేదు. బంధువుల ఫ్లాటు ఒకటి చూడటానికి వెళ్ళాం, వాళ్ళు నాలుగేళ్ళుగా ఓపెన్ కిచెన్‌లోనే వండుకుంటున్నారు. అడుగుపెట్టగానే బాగుంది. చిన్న హాలు పెద్దదైనట్టు, వెలుతురు ఆ చివర నుంచి ఈ చివరకు. ఆమె కూర కలుపుతూనే మాతో మాట్లాడుతోంది, ఆయన లేచి వెళ్ళి కంచాలు సర్దుతున్నాడు. చూడముచ్చటగా అనిపించింది. కాఫీ తాగుతూ వాళ్ళ టీవీ పైఅంచు మీద వేలు పెట్టి లాగాను. దుమ్ము రాలలేదు, ఉండలా చుట్టుకుంది. పసుప్పచ్చటి జిడ్డు, గోటితో గీకితే మైనంలా వచ్చింది. సీలింగు ఫ్యాను రెక్కల చివర్లూ అంతే. చిమ్నీ ఉంది, రోజూ వేస్తారు కూడా.

మన వంటకు అది తప్పదు. ఎండుమిరపకాయలు నూనెలో వేయించి ఊరిబిండి పచ్చడి నూరుకునే ఇల్లు మాది. చెనక్కాయల నూనెతో తిరగమోత పెడితే వీధిలో వెళ్ళేవాళ్ళకు కూడా తెలుస్తుంది. నాటుకోడి పులుసు గంటసేపు ఉడుకుతుంది. షాపులో చిమ్నీ గంటకు 1,200 ఘనపు మీటర్ల గాలి లాగుతుందని చెబుతారు. కానీ పొగను బయటికి పంపే గొట్టం ఎంత పొడుగైతే, ఎన్ని మలుపులు తిరిగితే లాగుడు అంత పడిపోతుంది. గొట్టం లేకుండా బొగ్గు ఫిల్టరుతో వచ్చేవి కొంత వాసన, జిడ్డు పట్టుకుంటాయి గానీ వేడినీ ఆవిరినీ మళ్ళీ ఇంట్లోకే వదిలేస్తాయి. పైగా ఫుల్ స్పీడులో పెడితే కామెంటరీ వినబడదు. మ్యాచ్ కోసం గోడ తీసి, చిమ్నీ మోతకు టీవీ సౌండు పెంచుకుంటే ఏం లాభం?

ఇంకొకటి, మన ఎండలు. మేలో హాల్లో ఫ్యాను లేకుండా పది నిమిషాలు కూర్చోలేం. గోడ లేకపోతే ఆ గాలి నేరుగా గ్యాసు మంటకు తగులుతుంది. మంట పక్కకు వాలి గిన్నె సరిగా కాలదు, సిమ్‌లో ఉంటే ఆరిపోయే ప్రమాదం కూడా. ఏసీ వేస్తే అది వంటింటి వేడిని కూడా చల్లబరచాలి.

ఇవి ఏ ఊళ్ళోనైనా ఉండేవే. తిరుపతి ఇళ్ళకు మాత్రం ఇంకో లెక్క ఉంది. ఇక్కడ ఇల్లుంటే ఏడాది పొడుగునా చుట్టాలే, దర్శనానికి వచ్చేవాళ్ళు. రైలు దిగి రాత్రి పదకొండుకు వస్తారు, హాల్లో చాపలూ పరుపులూ పరుస్తాం. కొందరికి తెల్లవారకముందే దర్శనం టైము ఉంటుంది. రెండున్నరకు లేచి వాళ్ళకు కాఫీ, దారిలోకి పులిహోర. గోడ లేకపోతే నేను లైటు వేసిన మరుక్షణం హాల్లో పడుకున్న పిల్లలంతా లేచి కూర్చుంటారు, ఇక మిక్సీ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఓపెన్ కిచెన్ ఫోటోల్లో ఎక్కడా హాల్లో పరుపులు కనపడవు, మా ఇంట్లో నెలకు రెండుసార్లయినా పడతాయి. పెరటాసి నెల (సెప్టెంబరు, అక్టోబరు) శనివారాల్లో స్వామికి తళిగ వేస్తాం, అంటే వండి నైవేద్యం పెడతాం. ఆ రోజు మా అత్తమ్మ మడితో వండుతుంది. వంటగది తలుపు దగ్గరగా వేసుకోవడం ఆవిడకు ముఖ్యం. ఆవిడ నోరు తెరిచి వద్దనలేదు. "మీ ఇష్టం తల్లీ, తళిగ రోజు ఒక్కటీ చూసుకో" అంది అంతే. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

సరే, గోడ అలాగే ఉంచేద్దామా? వాసన, జిడ్డు, చుట్టాలు, మడి అన్నీ ఒక్క దెబ్బకు తీరిపోతాయి. ఖర్చూ తక్కువే. గోడకున్న గూళ్ళు, అటక అలాగే ఉంటాయి. ఇది చిన్న విషయం కాదు, గోడ తీస్తే ఎనిమిదడుగుల పొడవున సామాను పెట్టుకునే చోటు పోతుంది. వంటింట్లో చిన్న టీవీ పెట్టించుకోమని ఒకరు సలహా ఇచ్చారు. నాకు అది నచ్చలేదు. టీవీ ఎక్కడ పెట్టినా మ్యాచ్ కనపడుతుంది, నిజమే. నాకు కావాల్సింది బావ పక్కన ఉన్నట్టు ఉండటం. గోల్ పడినప్పుడు ఆయన మొహం చూడాలి, ఆఫ్‌సైడా కాదా అని ఇద్దరం వాదించుకోవాలి. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ పెనాల్టీల్లో కేరళ మీద ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచినప్పుడు ఇద్దరం సోఫా మీంచి ఒకేసారి లేచాం. ఆ సరదా రెండు గదుల్లో రెండు టీవీలు పెట్టుకుంటే రాదు.

అందుకే మూడోదే మాకు మేలనిపించింది, అదే చేయించాం. నేల నుంచి మూడున్నర అడుగుల గోడ అలాగే ఉంది. దాని పైన లింటెల్ దాకా ఐదడుగుల వెడల్పు తెరిచి, గట్టి టఫెన్డ్ అద్దం తలుపులు జరిపేట్టు పెట్టించాం. వంట చేసే బండ ఎత్తు ముప్పై మూడు అంగుళాలు, గోడ దానికన్నా తొమ్మిది అంగుళాలు పైకి ఉండటం వల్ల హాల్లోంచి చూస్తే అంట్లూ తొక్కలూ కనపడవు.

ఇందులో అసలు కిటుకు పొయ్యి ఎక్కడ పెట్టాలన్నది. మొదట మేస్త్రి ఆ తెరిచిన చోటు కిందే పొయ్యి గీశాడు, టీవీ చూస్తూ వండుకోవచ్చని. వద్దన్నాను. పొయ్యి బయటి గోడకు ఉండాలి, అప్పుడే చిమ్నీ గొట్టం వంకర లేకుండా బయటికి పోతుంది. హాలు వైపు కూరలు తరుక్కోవడం, పిండి కలుపుకోవడం, చింతపండు పిసుక్కోవడం. వంటలో సగం పొద్దు గడిచేది అక్కడే, తలెత్తితే టీవీ. వేపుడు పెట్టినప్పుడు అద్దం మూసేస్తాను. సౌండు తగ్గుతుంది, బొమ్మ కనపడుతూనే ఉంటుంది. చుట్టాలున్న రాత్రులకు, తళిగ రోజుకు లోపలి వైపు ఒక తెర. లైటు కొంచెం బయటికి పోతూనే ఉంటుంది, కాదనను. హాలు పెద్దదైనట్టు ఉండే ఆ అందం కూడా దీనికి సగమే వచ్చింది.

సంగటి కోసం నేల మీద మూడడుగుల చోటు ఖాళీగా వదిలించాను. రాగి సంగటి పొయ్యి మీద ఉడికినా, కెలికేటప్పుడు గిన్నె కిందికి దించి కాళ్ళతో అదిమి పట్టుకుని కట్టెతో తిప్పాల్సిందే. కొత్త డిజైన్లు గీసేవాళ్ళు ఆ చోట అల్మారా పెట్టేస్తారు.

బండకు గ్రానైటా, క్వార్ట్జా అన్నదాని మీద పెద్దగా ఆలోచించలేదు. క్వార్ట్జ్‌లో రాతిపొడిని పట్టి ఉంచేది రెజిన్, బాగా కాగిన మూకుడు దించితే మచ్చ పడుతుంది. గ్రానైటు ఆ వేడికి తట్టుకుంటుంది. రాయి మన కుప్పం వైపే దొరుకుతుంది. ముదురు రంగు తీసుకున్నాం, పసుపు మరక కనపడదు.

గోడ ముట్టుకునే ముందు ఇంజినీరును పిలవండి, మేస్త్రి మాట ఒక్కటే చాలదు. మాది పిల్లర్లతో కట్టిన ఇల్లు, ఆ గోడ నాలుగున్నర అంగుళాలది, పైన దూలం ఉంది కాబట్టి కోయడానికి ఒప్పుకున్నాడు. పాత ఇళ్ళలో తొమ్మిది అంగుళాల గోడ పైకప్పునే మోస్తూ ఉండవచ్చు. అలాంటిది దూలం వేయకుండా కొడితే ఇంటికే ముప్పు. ఫ్లాటైతే అసోసియేషన్‌నూ అడగాలి.

అద్దాల తలుపులకు కింద రైలు పెట్టించకండి. పైనుంచి వేలాడేవి అడగండి. కింది రైలులో ఆవాలు, కరివేపాకు ముక్కలు పడి ఇరుక్కుంటాయి, ఆట మంచి పట్టులో ఉన్నప్పుడే తలుపు కదలదు.