తెలుగు రాతకు ఏ జెల్ పెన్ను మేలు: పది రూపాయలదా, రీఫిల్ మార్చుకునేదా?

జెల్ పెన్ను కొనడానికి వెళ్తే చాలామంది ముందు కంపెనీ పేరు చూస్తారు, తర్వాత ధర. నా లెక్కలో ఆ రెండూ తర్వాతి సంగతులు. మొదట చూడాల్సింది టిప్ సైజు, రెండోది మీరు రోజూ రాసే కాగితం. తెలుగులో రాసేవాళ్లకు ఈ మాట ఇంకాస్త గట్టిగా చెప్పాలి. పెన్నుల మీద వినిపించే సలహాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు అక్షరాలు రాసే చేతిని మనసులో పెట్టుకుని చెప్పినవే. వత్తులు, గుళ్లు, సుడులు ఉన్న మన లిపికి అవి అన్నీ సరిపోవు.

అసలు జెల్ ఎందుకు, బాల్ పెన్ను చాలదా అనేవాళ్లున్నారు. బాల్ పెన్నులో ఉండేది నూనెతో చేసిన చిక్కటి సిరా. అది కాగితం మీదికి రావాలంటే కాస్త నొక్కాలి. జెల్ సిరా నీళ్లతో చేసింది. అందులో గ్జాంథాన్ గమ్ లాంటి జిగురు కలుపుతారు. దానివల్ల ఆ సిరా కదలకుండా ఉన్నప్పుడు చిక్కగా నిలబడుతుంది, టిప్‌లోని చిన్న బంతి తిరగగానే అక్కడికక్కడ పలచనై కాగితం మీదికి జారుతుంది. నొక్కాల్సిన పని లేదు. ఈ సిరాను 1984లో జపాన్‌కు చెందిన సకురా కంపెనీ మార్కెట్‌లోకి తెచ్చింది. మన దగ్గర యాడ్ జెల్ లాంటి పెన్నులు వచ్చాక పిల్లల కంపాస్ బాక్సుల్లోకి చేరింది.

నొక్కకుండా రాయగలగడం చిన్న విషయం కాదు. గ్రూప్-1 మెయిన్స్ రాసేవాళ్లు ఒక్కో పేపరుకు మూడు గంటల చొప్పున వరసగా రోజుల తరబడి రాయాలి. తెలుగు మీడియం అభ్యర్థి అంతే సమయంలో అదే విషయాన్ని ఎక్కువ మలుపులున్న అక్షరాలతో రాయాలి. బొటనవేలు, మణికట్టు నొప్పెడితే మూడో గంటలో అక్షరం మారిపోతుంది. పరీక్ష సూచనలు ఒప్పుకుంటే, అలాంటివాళ్లకు నేను సందేహం లేకుండా జెల్ అనే చెబుతాను. బాల్ పెన్ను వాడక తప్పని చోట్లు కూడా ఉన్నాయి, వాటి సంగతి కింద చెబుతాను.

టిప్ దగ్గరికి వద్దాం. పెన్ను మీద 0.5, 0.7 అని రాసి ఉండే అంకె గీత మందం కాదు, లోపలి బంతి వ్యాసం, మిల్లీమీటర్లలో. గీత దానికంటే సన్నగానే పడుతుంది. అయితే ఒకే సైజున్న బాల్ పెన్ను కంటే జెల్ గీత మందంగా ఉంటుంది, ఎందుకంటే సిరా ఎక్కువగా దిగుతుంది. 0.7 బాల్ పెన్నుతో అలవాటైన అక్షరం జెల్‌లో కూడా అలాగే ఉండాలంటే దాదాపు 0.5 తీసుకోవాలి. ఇది తెలియక 0.7 బాల్ నుంచి 0.7 జెల్‌కు మారినవాళ్లు "నా రైటింగ్ పాడైంది" అని బాధపడుతుంటారు. పాడైంది రైటింగ్ కాదు, మారింది గీత మందం.

ఇంగ్లీషు రాసేవాళ్లకు ఆ తేడా పెద్దగా పట్టదు. మనకు పడుతుంది. ద, థ, ధ మధ్య తేడా చూడండి. తేడా అంతా కడుపులో చుక్క, కింద చిన్న గీతల్లోనే. ర, ఠ మధ్య తేడా ఆ చుక్క ఒక్కటే. మందపు టిప్‌తో చిన్నగా రాస్తే ఆ కడుపు సిరాతో పూడుకుపోతుంది, ఠ ఏదో ర ఏదో దిద్దేవాళ్లు ఊహించుకోవాల్సి వస్తుంది. ఇక రాష్ట్రం, లక్ష్మి, స్వాతంత్ర్యం లాంటి మాటలు రాసేటప్పుడు వత్తు కింద వత్తు పేర్చాలి. సింగిల్ రూల్ నోట్ బుక్‌లో ఆ వత్తులు కింది గీత దాటి తర్వాతి వరస గుళ్లను తగులుతాయి. 0.5తో రాస్తే రెండూ విడిగా కనిపిస్తాయి. 0.7 జెల్‌తో అక్కడొక మరకలా తయారవుతుంది. అందుకే తెలుగు చిన్నగా, ఇరుకుగా రాసేవాళ్లకు 0.5 తప్ప ఇంకోటి చెప్పను. అక్షరం పెద్దగా, విడివిడిగా రాసే అలవాటుంటే 0.6, 0.7 కూడా అందంగానే ఉంటాయి, రాత వేగమూ పెరుగుతుంది.

0.5 కంటే సన్నటివీ దొరుకుతాయి. మన మామూలు నోట్ బుక్ కాగితం మీద అవి గీరుకుంటాయి. గుండ్రటి మలుపు దగ్గర సూదిలా పట్టేస్తాయి. లెక్కల పటాలకు, పుస్తకం అంచుల్లో చిన్న నోట్స్ రాసుకోవడానికి బాగుంటాయి కానీ పేజీలకు పేజీలు తెలుగు రాయడానికి కాదు.

ఇప్పుడు అసలు పోలిక. ఒక పక్క పది రూపాయల జెల్ పెన్నులు, క్లాస్‌మేట్ ఆక్టేన్ లాంటివి. ఇంకో పక్క రీఫిల్ మార్చుకునే మధ్య ధర పెన్నులు, రెనాల్డ్స్ ట్రైమాక్స్, యాడ్ జెల్ అచీవర్ లాంటివి.

రీఫిల్ పెన్ను కొంటే డబ్బు మిగులుతుందని అందరూ అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. పెన్ను 50 రూపాయలు, రీఫిల్ 20 రూపాయలు అనుకుందాం. రెండుసార్లు రీఫిల్ మార్చితే మూడు నింపుళ్లకు 90 రూపాయలు. అదే డబ్బుకు పది రూపాయల పెన్నులు తొమ్మిది వస్తాయి. ఒక్కో చవక పెన్నులో సిరా కాస్త తక్కువే అనుకున్నా తొమ్మిది పెన్నులు మూడు రీఫిళ్ల కంటే ఎక్కువ పేజీలే రాస్తాయి. అంటే డబ్బు ఒక్కటే చూసుకుంటే గెలిచేది పది రూపాయల పెన్ను. ఇందులో అనుమానం లేదు.

కానీ ఆ లెక్క నిజం కావాలంటే ప్రతి పెన్నూ చివరి చుక్క దాకా రాయాలి. చవక రకంలో అక్కడే తేడా వస్తుంది. ఒకే డజన్ ప్యాకెట్‌లో ఒకటి నున్నగా రాస్తుంది, ఇంకొకటి గీత మధ్యలో తెల్లగా వదిలేస్తుంది, మరొకటి సిరా సగం ఉండగానే ఆగిపోతుంది. అన్నీ అలా అని కాదు. ఈ ధరలో మంచివి ఉన్నాయి, ఆక్టేన్ వాటిలో ఒకటి. దాని రాత తేలికగా సాగుతుంది, పోతే బాధ ఉండదు, పక్క బెంచీ వాడికి ఇచ్చి మర్చిపోయినా ఫరవాలేదు. హైస్కూలు పిల్లలకు నేను ఇదే కొనిపెడతాను. పెన్ను పోగొట్టుకునే వయసులో యాభై రూపాయలది ఇచ్చి తిట్టడం న్యాయం కాదు.

రీఫిల్ పెన్ను గొప్పతనం వేరే చోట ఉంది. బాడీ లావుగా ఉండి పట్టు దొరుకుతుంది, టిప్ తయారీలో నిలకడ ఉంటుంది, మొదటి పేజీకీ వందో పేజీకీ గీత మారదు. రోజూ రెండు మూడు గంటలు రాసేవాళ్లకు ఆ నిలకడ కోసం ఎక్కువ పెట్టడం తగిన ఖర్చే. ఇంకో మాట కూడా ఉంది. నెలకు నాలుగైదు ప్లాస్టిక్ పెన్నులు చెత్తబుట్టలోకి వెళ్లడం నాకు నచ్చదు. రీఫిల్ మారిస్తే పారేసేది సన్నటి గొట్టం ఒక్కటే. అయితే కొనేముందు షాపులో తప్పకుండా అడగాల్సింది, "దీని రీఫిల్ మీ దగ్గర దొరుకుతుందా?" అని. హైదరాబాద్ కోఠీలో దొరికేది మండల కేంద్రంలో దొరక్కపోవచ్చు. రీఫిల్ దొరకని రీఫిల్ పెన్ను ఖరీదైన యూజ్ అండ్ త్రోతో సమానం.

ట్రైమాక్స్, అచీవర్ రెండింట్లో ఏదంటే కాగితాన్ని బట్టి చెబుతాను. ట్రైమాక్స్ సిరా ధారాళంగా దిగుతుంది, రంగు నిండుగా పడుతుంది. మంచి కాగితం మీద, ముఖ్యంగా పరీక్షల జవాబు పత్రాల మీద అది రాసిన పేజీ కళగా కనిపిస్తుంది. పలచటి నోట్ బుక్‌లో మాత్రం ఆ నిండుతనమే ఇబ్బంది, రాత వెనక పేజీకి కనిపిస్తుంది. రెండు వైపులా రాసుకునే వాళ్లకు, వేగంగా పేజీ తిప్పేవాళ్లకు అచీవర్ నాకు నచ్చుతుంది. పట్టు బాగుంటుంది, మలుపుల దగ్గర చేయి జారదు. ఎడమ చేత్తో రాసేవాళ్లు ఏది కొన్నా ముందు ఒక వాక్యం రాసి వెంటనే వేలితో తుడిచి చూడాలి. వాళ్ల చేయి అప్పుడే రాసిన అక్షరం మీదుగా వెళ్తుంది కాబట్టి సిరా ఆరే వేగమే వాళ్లకు మొదటి ప్రశ్న.

ఆరడం ఊరిని బట్టి కూడా మారుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల గాలిలో తేమ ఎక్కువ, కాగితం ఆ తేమను పీల్చుకుని ఉంటుంది. సిరా కాస్త పాకుతుంది, ఆలస్యంగా ఆరుతుంది. చెమట చేయి దానికి తోడు. కోస్తాలో ఉండి పలచటి కాగితం మీద రాసేవాళ్లు ధారాళంగా దిగే పెన్ను కంటే పొదుపుగా దిగేది ఎంచుకుంటే మంచిది. నిజామాబాద్‌లోనో అనంతపురంలోనో వేసవిలో ఈ బెంగ అక్కర్లేదు. అరచేతి కింద ఒక తెల్ల కాగితం పెట్టుకుని రాయడం ఎక్కడైనా మంచి అలవాటు.

పైలట్ వీ5ను చాలామంది జెల్ అనే అనుకుంటారు. అది జెల్ కాదు, నీళ్లలా పలచగా ఉండే సిరాతో రాసే రోలర్ పెన్ను. రాత అద్భుతంగా ఉంటుంది, నాకు ఆ సూది టిప్ ఎంతో ఇష్టం. కానీ మామూలు నోట్ బుక్ మీద సిరా పీల్చుకుపోతుంది, ధర కూడా రోజువారీ రాతకు ఎక్కువే. మంచి కాగితం మీద ఉత్తరాలు, డైరీ రాసేవాళ్లకు అది వేరే ఆనందం. ఈ పోలికలోంచి దాన్ని పక్కన పెడుతున్నాను.

రంగు సంగతి రెండు మాటల్లో. జిరాక్స్ తీసే నోట్స్‌కు నలుపు మేలు, లేత నీలం జెల్ కాపీలో వెలిసిపోతుంది. కొన్ని పరీక్షల జవాబు పత్రాలను ఇప్పుడు స్కాన్ చేసి కంప్యూటర్ మీద దిద్దుతున్నారు కాబట్టి, నీలం వాడితే ముదురు నీలమే వాడండి.

ఇక జెల్ పెన్ను ఎక్కడ వాడకూడదో చెప్పాలి, ఎందుకంటే అక్కడ నష్టం పెద్దది. ఓఎంఆర్ షీటు, అంటే గుండ్రాలు నింపి జవాబు గుర్తించే పత్రం, మొదటిది. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్షల సూచనల్లో నీలం లేదా నలుపు బాల్ పాయింట్ పెన్నుతోనే బబ్లింగ్ చేయాలని, జెల్ పెన్ను, ఇంకు పెన్ను, పెన్సిలు వాడితే షీటు చెల్లదని స్పష్టంగా ఉంటుంది. యూపీఎస్‌సీ ప్రిలిమ్స్‌కు నలుపు బాల్ పెన్ను. అంటే అదే అభ్యర్థి ప్రిలిమ్స్‌కు బాల్ పట్టుకోవాలి, మెయిన్స్‌కు మాత్రం సూచనలు ఒప్పుకుంటేనే జెల్. ఏడాది పొడవునా జెల్‌తోనే సాధన చేసేవాళ్లు జేబులోంచి పెన్ను తీసే అలవాటు మీద నమ్మకం పెట్టుకోకుండా ఆ రోజు బ్యాగులో బాల్ పెన్నులు మాత్రమే ఉంచుకోవాలి.

రెండోది కార్బన్ పెట్టి రాసే బిల్ బుక్. జెల్‌తో నొక్కితే టిప్ చెడుతుంది, కింది కాపీ సరిగా పడదు. మూడోది నున్నటి కాగితాలు, ఫొటో మీద చేసే సంతకం, లామినేషన్ లాంటివి. అక్కడ జెల్ ఆరదు, అలుక్కుపోతుంది. ఈ పనులన్నిటికీ లింక్ పెంటోనిక్ లాంటి పది రూపాయల బాల్ పెన్ను ఒకటి విడిగా ఉంచుకోండి. నాలుగోది చెరిగే జెల్ పెన్నులు. పిల్లలకు సరదాగా ఉంటాయి. పైలట్ ఫ్రిక్షన్ లాంటి వాటి సిరా రాపిడి వేడికే మాయమవుతుంది, సుమారు 60 డిగ్రీల వేడి తగిలితే పేజీ మొత్తం తెల్లబడుతుంది. మే నెల ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీద పెట్టిన నోట్ బుక్‌కు ఆ వేడి తగలొచ్చు. చెక్కు మీద, దరఖాస్తు మీద అలాంటి పెన్ను వాడనే వాడొద్దు.

కొన్న తర్వాత చూసుకోవాల్సినవి కొన్ని. కొత్త రీఫిల్ టిప్ మీద చిన్న మైనం బొట్టు లాంటిది ఉంటుంది, అది తీసేసి రాయాలి. కొత్త పెన్ను రాయట్లేదని తిప్పి ఇచ్చే వాటిలో కొన్ని ఈ బొట్టు తీయనివే. రీఫిల్ వెనక సిరా మీద కనిపించే పారదర్శకమైన జిడ్డు వృథాగా పోసింది కాదు, అది సిరా ఆరకుండా, వెనక్కి కారకుండా ఆపుతుంది. దాన్ని తీసేయకూడదు. టిప్ నేల మీద పడితే లోపల గాలి చేరుతుంది లేదా బంతి కూర్చున్న గూడు వంగుతుంది. గాలి బుడగ అయితే, మూత పెట్టి, టిప్ కిందికి ఉండేలా ఒక రాత్రి గ్లాసులో నిలబెడితే కొన్నిసార్లు తిరిగి రాస్తుంది. గూడు వంగితే ఇక రాయదు, రీఫిల్ మార్చాల్సిందే. బాల్ పెన్నుకు చేసినట్టు అగ్గిపుల్లతో వేడి చేయడం మాత్రం వద్దు, నీళ్ల సిరా టిప్‌లోనే ఎండిపోతుంది.