వెయ్యి డాలర్ల కాగితాలు, అలాస్కా ఓడ, మామయ్య కళ్లజోడు

టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో ఎక్కిన ఏడు రాత్రుల విహార ఓడ (క్రూజ్). ఆరో రోజు సాయంత్రం మెక్సికోలోని కోజుమెల్ ఎండకి కమిలిన మొహాలతో, చేతిలో ఐస్‌క్రీమ్‌తో, ఏ దిగులూ లేకుండా లిఫ్టు వైపు నడుస్తున్నాం. లిఫ్టు పక్కన చిన్న టేబుల్ వేసుకుని ఒకమ్మాయి కూర్చుంది. "మళ్లీ ఎప్పుడొస్తున్నారు?" అని నవ్వుతూ అడిగింది. మా ఆయన ఆగారు. ఆగకుండా ఉంటే ఈ కథ లేదు.

ఆ అమ్మాయి చెప్పింది ఇదీ: ముందు ముందు చేసే ఓడ ప్రయాణానికి ఇప్పుడే కొనిపెట్టుకునే సర్టిఫికెట్లు, ఒక్కోటి 250 డాలర్లు. ఎప్పుడు వెళ్తామో, ఎక్కడికి వెళ్తామో ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. ఎప్పుడు బుక్ చేసుకుంటే అప్పుడు ఆ 250 అడ్వాన్సులో పోతుంది. పైగా ఇప్పుడే కొంటే ఒక్కోదానికి 100 డాలర్లు ఈ ఓడలోనే ఖర్చు పెట్టుకోవడానికి ఇస్తారు. మా ఆయన లెక్క వేశారు. నాలుగు కొంటే 1,000, అందులో 400 వెనక్కి, అంటే 600కే 1,000 డాలర్ల సరుకు. "ఎవరైనా వాడుకోవచ్చా?" అని అడిగారు. "మీ ఫ్యామిలీ అంతా!" అంది. టాబ్లెట్ మీద వేలితో సంతకం పెట్టారు. డబ్బు గది ఖాతాలో పడింది. కింద ఉన్న నిబంధనలు ఇద్దరిలో ఎవరమూ చదవలేదు.

ఆ 400 ఏమైందో కూడా చెప్పాలి. అది నగదుగా చేతికి రాదు, ఓడ దిగేలోపు అక్కడే ఖర్చయిపోవాలి. నాకు మసాజ్ 139 డాలర్లు, 18 శాతం సర్వీసు కలిపి 164.02. ఫొటోలు 199. వాటిలో సగంలో నేను కళ్లు మూసుకునే ఉన్నాను. మిగిలిన 36 డాలర్ల 98 సెంట్లు పోతాయన్న బెంగతో చివరి రాత్రి షాపు మూసే వేళకి పరుగెత్తి, ఓడ బొమ్మ ఉన్న రెండు కప్పులు కొన్నాం. ఒకటి ఇంటికి చేరేసరికే పగిలింది. ఆ సర్టిఫికెట్లు లేకపోతే వీటిలో ఒక్కటీ కొనేవాళ్లం కాదు. మరి 600కి వెయ్యి వచ్చినట్టా, వెయ్యి పెట్టి కప్పు కొన్నట్టా?

రెండేళ్లు ఆ సంగతే మర్చిపోయాం. తర్వాత ఏప్రిల్‌లో తెనాలి నుంచి అత్తయ్య, మామయ్య వచ్చారు. సెప్టెంబరు మొదటి వారంలో సియాటిల్ నుంచి అలాస్కా వెళ్దామనుకున్నాం. ఏడు రాత్రులు, కిటికీ ఉన్న గదులు రెండు. మనిషికి 1,149, పన్నులూ పోర్టు ఫీజులూ 268. నలుగురికీ 5,668 డాలర్లు. నాలుగు సర్టిఫికెట్లూ వాడేస్తే వెయ్యి తగ్గుతుందని ధీమాగా ఫోన్ చేశాం.

గంటా నలభై నిమిషాలు పాట వినిపించాక ఒకాయన లైన్లోకి వచ్చాడు. నాలుగూ మా ఆయన పేరు మీదే ఉన్నాయట. ఎవరి పేరున ఉంటే వాళ్లు ఉండే గదికే అవి చెల్లుతాయట. ఏడు రాత్రుల ప్రయాణానికి గదికి రెండే వాడాలట. అంటే మా గదికి 500 తగ్గుతుంది, అత్తయ్యావాళ్ల గది అడ్వాన్సు మళ్లీ జేబులోంచే కట్టుకోవాలి. "ఫ్యామిలీ అంతా అన్నారే!" అన్నారు మా ఆయన. "అవును సార్, మీతో పాటు అదే గదిలో ఉండే ఫ్యామిలీ" అన్నాడతను, చాలా మర్యాదగా.

మా ఆయన ఫోన్ పెట్టేసి అలిగి కూర్చుంటే మామయ్య ఆ కాగితాలు ప్రింట్ తీయించమన్నారు. ముప్ఫై నాలుగేళ్లు బ్యాంకులో పని చేసిన మనిషి. కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, పెన్సిల్‌తో గీతలు గీస్తూ, మూడు పేజీలూ వేరుశనక్కాయలు ఒలుచుకున్నంత తీరిగ్గా చదివారు. "ఒరేయ్, ఇది ఫిక్స్‌డ్ డిపాజిట్ కాదురా, చిట్టీ కూడా కాదు. వడ్డీ లేదు, వాపసు లేదు, పేరు మార్చరు. నాలుగేళ్లు గడువన్నారు గానీ, ఆలోపు బుక్ చేస్తే చాలదు, ఓడ ఎక్కాలి" అన్నారు. ఆ చివరి ముక్క నాకూ కొత్తే. ఇంకో గీత కింద అసలైన విషయం ఉంది: పూర్తి డబ్బు కట్టే తేదీలోపు రద్దు చేసుకుంటే సర్టిఫికెట్ మళ్లీ మన ఖాతాలోకి వస్తుంది, తర్వాతయితే జరిమానాలో కలిసిపోతుంది.

అన్ని కంపెనీలవీ ఇలాగే ఉండవు. కొన్నిటిలో వాడకపోతే డబ్బు తిరిగిస్తారు, కొన్నిటిలో వేరేవాళ్ల పేరుకి మార్చనిస్తారు. అందుకే టేబుల్ దగ్గరి మనిషి మాట కాదు, కాగితం చూడాలి. మొదట పేరు. భార్యాభర్తలు కొంటే చెరో పేరున కొనాలి, మేం అలా చేసి, చెరో గదిలో ఉండి ఉంటే రెండు గదులకూ సర్దుకునేది. తర్వాత గదికి ఎన్ని, ఎన్ని రాత్రులకి ఎన్ని. ఆపైన గడువు బుకింగ్‌కా, ప్రయాణానికా. ఇంకో మాట, వచ్చే ఏడాది ఏ ఓడో మనసులో లేకపోతే కొనకండి. "ఈ ఓడ దిగితే ఈ ఆఫర్ ఉండదు" అనడం నిజమే, కానీ మళ్లీ ఓడ ఎక్కితే అదే టేబుల్, అదే ఆఫర్.

2020లో కోవిడ్ వల్ల ఓడలు ఆగిపోయినప్పుడు కొన్ని కంపెనీలు టికెట్ డబ్బుకి బదులు 125 శాతం క్రెడిట్ ఇచ్చాయి. దాన్నీ దీన్నీ ఒకటనుకోకండి. అది వాళ్లు రద్దు చేసినందుకు ఇచ్చింది, ఇది మనం కొనుక్కున్నది. ముందుగా కట్టిన డబ్బుకి ఇంకో గండం కూడా ఉంది. 2022 జనవరిలో జెంటింగ్ హాంకాంగ్ అనే కంపెనీ కూలిపోతే దాని కిందున్న క్రిస్టల్ క్రూజెస్ ఓడలు ఆగిపోయాయి, డబ్బు కట్టినవాళ్లు అప్పులవాళ్ల వరుసలో నిలబడ్డారు. నాలుగేళ్ల ముందే ఎవరి చేతిలోనైనా వెయ్యి పెట్టేముందు అది గుర్తుంచుకోవాలి.

మా అసలు టెన్షన్ ఇంకోటి. సియాటిల్‌లో బయల్దేరి సియాటిల్‌కే వచ్చే అలాస్కా ఓడల్లో చాలావరకు కెనడాలోని విక్టోరియాలో ఓ పూట ఆగుతాయి. సరదాకి కాదు. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవుల మధ్యే ప్రయాణికులని తిప్పకూడదని 1886 నాటి చట్టం ఉంది, మధ్యలో ఒక విదేశీ రేవు తగలాలి. మాకిద్దరికీ గ్రీన్ కార్డుంది కాబట్టి సరిపోయింది. టూరిస్టు వీసా మీద వచ్చిన అత్తయ్యకీ మామయ్యకీ, ఇండియా పాస్‌పోర్టులు కదా, కెనడా వీసా కావాలి. మూడు గంటల ఆగుడుకి మనిషికి 100 కెనడా డాలర్లు ఫీజు, వేలిముద్రలకి 85. ఇద్దరికీ 370. ఆఫీసులో ఒక గుంటూరు అబ్బాయి చెప్పబట్టి తెలిసింది గానీ బుకింగ్‌లో ఎవరూ చెప్పలేదు, "ప్రయాణ పత్రాల బాధ్యత ప్రయాణికులదే" అని ఒక లైను తప్ప.

పూర్తి డబ్బు కట్టే తేదీ మే మొదటి వారం. అప్పటికి వీసా రాలేదు. కడితే సర్టిఫికెట్లకీ 5,168 డాలర్లకీ నీళ్లు వదులుకోవడానికి సిద్ధపడాలి, కట్టకపోతే గదులు పోతాయి. ఆ వారమంతా ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. అత్తయ్య మాత్రం "రాకపోతే నేను ఓడలోనే కూర్చుంటాలే" అంటూ ఉండేవారు. అలా కుదరదు, వీసా లేకపోతే అసలు ఓడే ఎక్కనివ్వరని ఎన్నిసార్లు చెప్పినా అదే మాట. చివరికి కట్టేశాం. వీసాలు జూన్‌లో వచ్చాయి.

జూనో, స్కాగ్‌వే, కెచికన్ రేవులు హాయిగా గడిచాయి. గ్లేసియర్ బేలో పార్క్ రేంజర్లు ఓడెక్కి మైకులో కథ చెప్తుంటే మంచు కొండ విరిగిపడింది, ఉరుములాంటి ఆ చప్పుడికి అత్తయ్య దణ్ణం పెట్టారు.

చెప్పుకోవాల్సింది భోజనం. మొదటి రాత్రి మామయ్య రెండు బ్రెడ్డు ముక్కలు, ఉడికించిన బ్రోకలీ తిని లేచిపోయారు. మొహం చూస్తే రేపు తెనాలి బస్సు ఎక్కేలా ఉన్నారు. మా టేబుల్ చూసే హెడ్ వెయిటర్ గోవా మనిషి, అది గమనించాడు. "ముందురోజు రాత్రే చెప్పండి, వంటవాళ్లతో చేయిస్తాను" అన్నాడు. మర్నాడు రాత్రి వేడన్నం, పప్పు, బెండకాయ వేపుడు వచ్చాయి. చివర్లో చిన్న గిన్నెలో పెరుగన్నం. ఆవాలు చిటపటలాడిన తాలింపు పైన మెరుస్తోంది. కరివేపాకు లేదని అతనే క్షమాపణ అడిగాడు. మామయ్య కోటు జేబులోంచి ఆవకాయ ప్యాకెట్ తీసి, మూల చింపి, గిన్నె అంచున పెట్టుకుని, తల ఎత్తకుండా తిన్నారు. దానికి ఒక్క డాలరు అదనంగా తీసుకోలేదు. టిప్పుల పేరుతో మనిషికి రోజుకి 18 చొప్పున నలుగురికీ ఏడు రోజులకి 504 ఎలాగూ వేశారు (దానికి సర్టిఫికెట్లు పనికిరావు), ఆ డబ్బు ఇచ్చేటప్పుడు మాత్రం నాకు బాధేయలేదు. దిగే ముందు మామయ్య ఆ వెయిటర్ చేతిలో విడిగా 40 పెట్టారు.

ఆరో రోజు లిఫ్టు పక్కన మళ్లీ టేబుల్. ఈసారి వేరే అమ్మాయి. మా ఆయన నడక నెమ్మదించింది. అత్తయ్య ఆయన మోచెయ్యి పట్టుకుని, "పాత జాడీ ఖాళీ అవ్వకుండా కొత్తావకాయ పెడతావుట్రా?" అన్నారు. లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి.

మిగిలిన రెండింటికీ ఈ నవంబరుతో గడువు తీరుతుంది. గాల్వెస్టన్ నుంచి ఐదు రాత్రుల ఓడ ఒకటి చూశాం, అయితే అంత చిన్న ప్రయాణానికి గదికి ఒక్కటే చెల్లుతుంది. "రెండు గదులు తీసుకుందాం, చెరోటీ" అన్నారు మా ఆయన, 250 కాపాడటానికి ఎనిమిది వందల పైన ఖర్చు పెడుతూ. రెండూ ఆయన పేరునే ఉన్నాయి కాబట్టి రెండో గదిలోనూ ఆయనే ఉండాలి కదా అని గుర్తు చేశాను.