రెండు ధ్రువాలు, రెండు రకాల గెట్లు

భూపాలపల్లి గనుల్లో మనం తవ్వుతున్నది గోండ్వానా అనే పురాతన మహాఖండం నాటి బొగ్గు. ఆ మహాఖండంలోనే ఒకప్పటి భాగమైన అంటార్కిటికా కొండల్లోనూ ఆనాటి బొగ్గు పొరలున్నాయి గాని, వాటిని తవ్వుకునే హక్కు ఎవరికీ లేదు. అక్కడి భూమి తమదని ఏడు దేశాలు అంటున్నా, 1959 నాటి ఒడంబడిక ఆ వాదనలను ఒప్పుకోకుండా, కాదనకుండా పక్కన పెట్టింది. 1991 మాడ్రిడ్ ఒప్పందం శాస్త్ర పరిశోధనకు తప్ప ఖనిజాల జోలికి పోవద్దంది. నన్నడిగితే ఈ కట్టుబాటే మేలు, తవ్వకం గిట్టుబాటు కాకపోవడమూ దానికి తోడైందేమో.

ఆర్కిటిక్ నడుమ ఉన్నది సముద్రం కనుక, అక్కడ 1982 నాటి సముద్ర చట్టమే కొలత: 200 నాటికల్ మైళ్ల వరకు వనరులు తీరదేశానివి, ఆపైన సముద్రగర్భం తమ భూభాగపు కొనసాగింపేనని రుజువు చూపాలి. ఆ సముద్రం అడుగున ఉన్న లొమొనొసోవ్ పర్వతశ్రేణిపై రష్యా, కెనడా, డెన్మార్క్ వాదనలు ఒకదానిపై ఒకటి పడుతున్నాయి. 2007లో ధ్రువం అడుగున రష్యన్లు పాతిన టైటానియం జెండా, గెట్టు పంచాయితీలో రాత్రికి రాత్రి నాటిన హద్దురాయి వంటిదే. చట్టం దాన్ని లెక్కచేయదు.