హ్యాండ్‌బ్రేక్‌లో ఆర్‌ఎఫ్ స్లైడర్: కొన్నేళ్లు వాడాక

ఇంటి వీడియోలను కుదించడానికి కొన్నేళ్లుగా హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌నే వాడుతున్నాను. అది ఉచితమన్నదీ, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుందన్నదీ అందరికీ తెలిసిందే కనుక ఆ వివరాల జోలికి పోను. నన్ను దానికి అలవాటు చేసింది వీడియో ట్యాబ్‌లో నాణ్యతను ఒక అంకెతో నిర్ణయించే ఆర్‌ఎఫ్ (రేట్ ఫ్యాక్టర్) స్లైడర్ ఒక్కటే.

అంతకుముందు నేను స్థిర బిట్‌రేట్, అంటే సెకనుకు ఇన్ని బిట్లని, ఇచ్చి ఎక్స్‌పోర్ట్ చేసేవాణ్ణి. సెకనుకు 8 మెగాబిట్లు ఇస్తే గంట వీడియో 3.6 గిగాబైట్లకు వస్తుందని ముందే లెక్క కట్టుకోవచ్చు. అయితే పీటల మీద కదలకుండా కూర్చున్న దంపతులకూ, ఊరేగింపులో బ్యాండు ముందు గెంతుతున్న కుర్రాళ్లకూ అందులో ఒకటే వాటా దక్కుతుంది. ఆర్‌ఎఫ్ పద్ధతిలో మనం నాణ్యతను మాత్రమే నిర్ణయిస్తాము, దానికి ఎన్ని బిట్లు కావాలో దృశ్యాన్నిబట్టి ఎన్‌కోడరే (వీడియోను కుదించే భాగం) చూసుకుంటుంది. అంకె తగ్గేకొద్దీ నాణ్యతతోపాటు ఫైలూ పెరుగుతుంది. ఆరు అంకెలు పెంచితే పరిమాణం ఇంచుమించు సగానికి పడిపోతుంది. 1080పి (ఫుల్ హెచ్‌డీ) వీడియోలకు 20 నుంచి 24 వరకు వాడమని హ్యాండ్‌బ్రేక్ రూపకర్తలే సూచిస్తారు. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి తీసిన మా సత్యనారాయణ వ్రతం వీడియోను 21తో మార్చినప్పుడు ఫైలు మూలంలో ఐదో వంతుకు దిగింది, పట్టుచీర జరీ మాత్రం చెదరలేదు. ఆ తరువాత చాలాకాలం కనబడిన ప్రతివారికీ 21 పెట్టుకోమని చెబుతూ వచ్చాను.

ఆ సలహా 2015 గోదావరి పుష్కరాల వీడియో దగ్గర ఆగిపోయింది. కొవ్వూరు గోష్పాద రేవులో క్యామ్‌కార్డర్‌తో తీసిన ఆ వీడియోలో మా వాళ్లు మునకలు వేస్తుంటారు, వెనక జల్లుస్నానాల తుంపర ఎగురుతుంటుంది, మిగిలిన తెరంతా ఎండకు మిలమిలలాడే నీరే. మూలం 1080ఐ (ఫ్రేమును రెండు సగాలుగా తీసే రకం), సెకనుకు 17 మెగాబిట్లు, అంటే గంటకు 7.6 గిగాబైట్ల చొప్పున. అదే 21 పెట్టి రాత్రి వదిలేస్తే, తెల్లవారేసరికి కుదించిన ఫైలు మూలం కంటే పెద్దదై కూర్చుంది. సాఫ్ట్‌వేర్‌లో లోపమేమీ లేదు. రెండు ఫ్రేముల మధ్య మారనిదాన్ని మళ్లీ రాయకుండా ఉండటమే కుదింపులోని కిటుకు. అలలలోనూ తుంపరలోనూ మారనిదంటూ దాదాపు ఉండదు. పైగా మూలం ఎంత బిట్‌రేట్‌తో వచ్చిందో ఆర్‌ఎఫ్ పట్టించుకోదు, అందులోని గరుకునూ, పాత కుదింపు మిగిల్చిన మచ్చలనూ కూడా అసలు బొమ్మ అనుకొని శ్రద్ధగా కాపాడుతుంది.

ఆర్‌ఎఫ్ 25కు పెంచి, ఆ గరుకును (నాయిస్) తగ్గించే ఎన్‌ఎల్‌మీన్స్ అనే ఫిల్టర్‌ను అతి తేలిక స్థాయిలో జతచేస్తే ఫైలు మూలంలో సగం కంటే తక్కువకు వచ్చింది. నీటి మెరుపు కాస్త మెత్తబడిన మాట నిజమే గానీ, ఆ వీడియోను ఎవరూ నీళ్ల కోసం చూడరు. మునక వేసి లేచిన మా మేనత్త ముఖం స్పష్టంగా ఉంటే మాకు చాలు.

కనుక ఒకే అంకె అన్నిటికీ సరిపోతుందన్న నా పాత మాటను కొంత సడలించుకోవాలి. దీపావళి రాత్రి వీడియోలలో ఇబ్బంది పుష్కరాలకు సరిగ్గా తిరగబడి వచ్చింది: 24 దగ్గర ఫైలు ముచ్చటగా చిన్నదైంది గానీ, ప్రమిద వెలుగు గోడ మీద క్రమంగా పలచబడవలసిన చోట మెట్లు మెట్లుగా చారలు కట్టింది. దానికి రంగుల మెట్లను ఇంకా సన్నగా చూపగల ఎక్స్265 10-బిట్ ఎన్‌కోడర్ ఎంచుకుంటే చారలు బాగా తగ్గాయి, పరిమాణమూ పెరగలేదు. అయితే ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి ఊళ్లో పాత టీవీకి పెడితే శబ్దం వచ్చింది తప్ప బొమ్మ రాలేదు. అందుకని ఊరికి పంపేవాటిని ఇప్పటికీ పాత టీవీలకూ పరిచయమైన 8-బిట్ ఎక్స్264 ఎన్‌కోడర్‌తోనే చేస్తున్నాను. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఒక్కో ఫైలు 4 గిగాబైట్లకు మించి పట్టదు కనుక పొడుగు వీడియోలను ముందే రెండు ముక్కలుగా విడగొడతాను. ఫైలు ఇంతకు మించకూడదన్న గట్టి షరతు ఉన్నచోట మాత్రం ఆర్‌ఎఫ్ ఏమీ చేయలేదు, సగటు బిట్‌రేట్ ఇచ్చి రెండు పాస్‌లలో (ముందు వీడియోనంతా ఒకసారి పరిశీలించి, రెండోసారి కుదించేలా) చేయవలసిందే.

ఇప్పుడు ఏ వీడియోకైనా అందులోని అతి కష్టమైన అర నిమిషాన్ని, అంటే నీరో, పొగో, జనమో ఉన్న చోటును, ప్రివ్యూ కిటికీలో ముందుగా ఎన్‌కోడ్ చేసి చూసుకొని, ఆ తరువాతే అంకె ఖాయం చేస్తున్నాను.

నా ల్యాప్‌టాప్ పాతది, రాత్రంతా నడిచినా నాకు ఇబ్బంది లేదు, మూలాలను వేరే హార్డ్ డిస్క్‌లో ఉంచుకునే స్తోమత ఉంది. ఈ పరిస్థితుల్లో హ్యాండ్‌బ్రేక్‌ను వదిలే ఆలోచన నాకు లేదు. కుదించాక మూలాన్ని చెరిపేయక తప్పనివారు మాత్రం నా అంకెలలో రెండేసి తగ్గించుకోవడం మేలు. పెళ్లి వీడియోను సాయంత్రానికల్లా అమెరికాలోని పిల్లలకు పంపవలసినవారికి గ్రాఫిక్స్ కార్డు ఎన్‌కోడరే నయం కావచ్చు. అదే నాణ్యతకు ఫైలు కొంత పెద్దదవుతుంది, దాని అంకెలకూ ఇక్కడ చెప్పినవాటికీ పొంతన ఉండదు.