రాజంపేట నుంచి వచ్చిన గోంగూర, చెనక్కాయల పొడి

గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్లొచ్చి, ఇప్పుడు ఫోన్ మీద వ్యాపారం చేసుకుంటున్న ఆడవాళ్ల గురించి పరిశోధన చేస్తున్నాను. ఆ పని మీదే రాజంపేటలో ఒక అక్క పరిచయమైంది. పదకొండేళ్లు కువైట్‌లో ఇళ్లల్లో వంట చేసి వచ్చింది, ఇప్పుడు ఇంట్లోనే పచ్చళ్లు, పొడులు చేసి వాట్సాప్‌లో అమ్ముతోంది. ఇంటర్వ్యూలన్నీ అయిపోయిన రెండు నెలలకి, అందరిలాగే పూర్తి ధర కట్టి తెప్పించుకున్నాను.

గోంగూర చాలా బాగుంది. వెల్లుల్లి దండిగా పడింది, రోట్లో నూరిన బరక నోటికి తెలుస్తోంది, మిక్సీలో తిప్పిన పేస్టులా లేదు. ముందు పులుపు తగిలి, కారం ఆ తర్వాత నెమ్మదిగా గొంతులోకి దిగుతుంది. చెనక్కాయల పొడిలో మాత్రం ఉప్పు ఎక్కువైంది. నెయ్యి వేసుకుని ఇడ్లీలోకి సరిపోయింది గానీ అన్నంలో కలుపుకోలేకపోయాను. ఆ మాటే చెప్తే "ఈసారి తగ్గిస్తాలే మేడం" అంది, రెండోసారి నిజంగానే తగ్గించింది.

ప్యాకింగ్ చూసి ఆశ్చర్యపోయాను. సీసా మూతికి కవరు ముక్క వేసి, దాని మీద మూత బిగించి, చుట్టూ టేపు, ఆపైన న్యూస్‌పేపరు, మళ్లీ ఒక కవరు. కొరియర్ మూడు రోజులు ఆలస్యమైనా ఒక్క చుక్క నూనె బయటికి రాలేదు. ఎక్కడ నేర్చుకున్నావక్కా అని అడిగితే, కువైట్‌లో ఉన్నప్పుడు ఊరి నుంచి ఎవరో తెచ్చిన పచ్చడి సూట్‌కేసులో కారిపోయి, వాళ్లమ్మ పంపిన కొత్త చీరంతా నూనె అయిందట, ఆ రోజు నేర్చుకున్నానంది. ఆమె కస్టమర్లలో సగం మంది ఇప్పటికీ అక్కడ పని చేస్తున్నవాళ్లే. సెలవుకొచ్చి తిరిగి వెళ్లేవాళ్ల చేత పంపిస్తుంది.

ఆర్డర్ వాయిస్ మెసేజ్‌లోనే పెట్టాలి, టైప్ చేస్తే జవాబు రాదు. రాత్రి ఎనిమిది దాటితేగానీ ఫోన్ చూడదు. డబ్బులు కొడుకు ఫోన్‌పేకి వెళ్తాయి, వాడు కాలేజీ నుంచి వచ్చి చూసేదాకా పడ్డాయో లేదో ఆమెకి తెలియదు. మనకైతే ఒక పూట ఆలస్యం, అంతే. కానీ తన సంపాదన తన ఫోన్‌లో తనకి కనబడకపోవడం నాకు చాలా బాధగా అనిపించింది, బ్యాంకు ఖాతా తన నంబరుకి మార్పించుకోమని ప్రతిసారీ చెప్తూనే ఉన్నాను.

ధర గోంగూర కిలో 450. ఆకు, నూనె, మిర్చి, గ్యాస్, సీసా అన్నీ వేళ్ల మీద లెక్క చెప్పింది. మరి నీ పనికి ఎంత వేశావంటే "మన చేతి పనికి లెక్కేముంది మేడం" అంది. కువైట్‌లో 2015లో ఇంటిపనివాళ్ల కోసం 68వ నంబరు చట్టం వచ్చింది, రోజుకి 12 గంటలు మించకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. ఆ తర్వాత కనీస జీతం 60 దినార్లుగా పెట్టారు. ఇంటికి చుట్టాలొస్తే తనకి శుక్రవారం సెలవు కూడా ఉండేది కాదని ఆమే చెప్పింది, నిజమే, కానీ కాగితం మీదైనా ఆమె పనికి ఒక లెక్క ఉండేది. సొంత వంటింట్లో పొద్దున ఐదింటి నుంచి ఆకు గిల్లి, కడిగి, ఆరబెట్టి, నూరే పనికి అదీ లేదు. కాబట్టి దయచేసి బేరమాడకండి. నా లెక్కలో కిలో 600 అయినా తక్కువే.

నంబరు ఇక్కడ పెట్టడం లేదు. ఒకసారి ఎవరో ఫేస్‌బుక్‌లో పెడితే ముక్కూ మొహం తెలియని మగాళ్లు అర్ధరాత్రి వీడియో కాల్స్ చేశారు, రెండు వారాలు ఫోన్ ఆపేసుకుంది, ఆ రెండు వారాలూ అమ్మకం లేదు. కావాల్సినవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి, ఆమెని అడిగి ఇస్తాను. ఆవకాయ మాత్రం కొత్త కాయ వచ్చాకే పెడుతుంది, ఇప్పుడు అడగొద్దు.