టేపర్ రోలర్ బేరింగులు వేయించిన పాత బండి: నాలుగేళ్లు, 22 వేల కిలోమీటర్ల తర్వాత

నా బండి 1976 మోడల్, 350 సీసీ. ముందు చక్రం 19 అంగుళాలు, టైరు 3.25. నాలుగేళ్ల క్రితం ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్లు) సీల్స్ కారుతున్నాయని ముందు భాగం విప్పించాను. పనిలో పనిగా స్టీరింగ్ కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగేచోట ఉండే బేరింగుల సెట్) కూడా తీయించి, విడి బాల్స్ ఉన్నచోట టేపర్ రోలర్ బేరింగులు, అంటే గుండ్ల బదులు ఒకవైపు సన్నబడే చిన్న రోలర్లు ఉండేవి, వేయించాను. బేరింగుల మీద నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: సరుకు మంచిది. కానీ వేయించిన మొదటి ఆరు నెలలు ఈ బండిని అమ్మేద్దామనుకున్నాను.

మార్చడానికి కారణం ఉంది. చక్రం పైకి లేపి హ్యాండిల్ తిప్పితే, సరిగ్గా మధ్యకు రాగానే గుంటలో పడ్డట్టు ఆగేది. విప్పాక చూస్తే కింది కప్పులో, అంటే బాల్స్ దొర్లే ఉక్కు రింగులో, ఒక్కో బాల్‌కి ఒక్కో గుంట, మెరుస్తూ, చుట్టూ పూసల దండలా ఉన్నాయి. బండి ఎక్కువసేపు నేరుగానే పోతుంది కాబట్టి గతుకుల దెబ్బ ఏళ్ల తరబడి అవే చోట్ల పడుతుంది. బాల్ కప్పును ఒక చుక్క దగ్గరే తాకుతుంది. రోలర్ అయితే పొడవునా గీతలా ఆనుతుంది, బరువు పంచుకుంటుంది. అందుకే రోలర్లు వేయమన్నాను. ఆ ఆలోచన తప్పని ఇప్పటికీ అనను.

బండి చేతికి వచ్చిన రోజు హ్యాండిల్ కాస్త బరువుగా, ఎక్కడా తట్టకుండా తిరిగింది. కొత్త బేరింగు అంటే ఇదీ అని మురిసిపోయాను. రోడ్డెక్కాక తెలిసింది. 20 కిలోమీటర్ల వేగంలో బండి నేరుగా పోనంటోంది. ఎడమకు వాలితే నేను సరిచేయాలి, చేస్తే కుడికి వాలుతుంది, మళ్లీ సరిచేయాలి. సైకిల్ కొత్తగా నేర్చుకునే పిల్లాడిలా ఊగుతూ ఇల్లు చేరాను. మలుపులో మరీ ఘోరం, హ్యాండిల్ తిప్పినచోటే ఉండిపోయి బండి లోపలికి పడిపోతున్నట్టు ఉండేది.

రెండు చక్రాల బండి నేరుగా పోతోందంటే, ముందు చక్రం క్షణక్షణం చిన్న చిన్న సర్దుబాట్లు తనకు తానే చేసుకుంటోందన్నమాట. బేరింగు బిగుసుకుంటే ఆ పని మన చేతుల మీద పడుతుంది. మన చేతులు ఎప్పుడూ ఒక అర క్షణం ఆలస్యం. ఇది నాకు అప్పట్లో తెలియదు. టైరులో గాలి చూశాను, టైరే మార్చాను. పనిచేసినాయన మాత్రం "కొత్తది కదా సార్, నాలుగు రోజులు తిరిగితే సెట్ అయిపోతుంది" అన్నాడు.

నిజంగానే సెట్ అయింది! నాలుగైదు వందల కిలోమీటర్లకు ఊగుడు పోయింది. పదిమందికీ చెప్పుకున్నాను కూడా. ఇంకో వెయ్యి తిరిగేసరికి ముందు బ్రేకు పడితే టక్కుమని చప్పుడు. 70లో పోతూ యాక్సిలరేటర్ వదిలేస్తే, వేగం 60కి దిగే దగ్గర హ్యాండిల్ గడగడా వణకడం. సెకనుకు ఏడెనిమిది సార్లు ఉంటుంది ఆ వణుకు. గట్టిగా పట్టుకుంటే తగ్గేది, అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే రోగం అలాగే ఉంటుంది, మనకు కనపడదంతే. డ్యాంపర్ నాబ్ (హ్యాండిల్ తిరగడాన్ని బరువు చేసే మర) బిగించుకోమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. అదీ అలాంటిదే.

చివరికి నేనే విప్పాను. పైన బేరింగు బాగుంది, కింద కూడా బాగుంది. తేడా ఫ్రేములో కొట్టిన కింది కప్పు దగ్గర. పూర్తిగా లోపలికి పోలేదు, ఒక పక్క కాగితం మందం ఖాళీ మిగిలింది. దాని మీదే గట్టిగా బిగించారు. గతుకుల్లో కప్పు కొంచెం కొంచెంగా లోపలికి దిగింది, దాంతో బిగువు పోయి బాగుపడినట్టనిపించింది, ఇంకా దిగి లూజయింది. అంటే నాకు నచ్చిన ఆ వెయ్యి కిలోమీటర్లు రెండు తప్పుల మధ్య దొరికిన సందు!

కప్పు కూర్చున్నదీ లేనిదీ చెవికే తెలుస్తుంది. పాత కప్పునే కొత్తదాని మీద ఉంచి సుత్తితో చుట్టూ కొడుతుంటే ముందు మొద్దుగా ధబ్ ధబ్ అని వస్తుంది. అడుగు తాకగానే ఆ చప్పుడు మారి ఖంగుమని గట్టిగా మోగుతుంది. ఆ ఖంగు అన్ని పక్కలా ఒకేలా వినపడేదాకా ఆపకూడదు. నాకు అరగంట పట్టింది.

ఇక బిగువు. మాన్యువల్లో ఉన్న టార్క్ (నట్ ఎంత బలంతో బిగించాలన్న లెక్క) బాల్స్‌కి ఇచ్చింది, రోలర్లకు పనికిరాదు. ఇంజిన్ కింద జాకీ పెట్టి ముందు చక్రం నేల వదిలేలా లేపాలి. డ్యాంపర్ పూర్తిగా వదులు చేయాలి. హ్యాండిల్ నేరుగా పెట్టి ఒక వేలితో కొంచెం నెడితే, చివరిదాకా తన బరువుకే పడిపోవాలి, రెండు పక్కలా ఒకేలా. మధ్యలో ఆగిందంటే బిగువు ఎక్కువ. తర్వాత ఫోర్కు కాళ్లను కిందపట్టున పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగాలి, పైన టక్కుమనకూడదు. నేను మొదటిసారి ఇదంతా సరిగ్గా చేసి, ఆపైన మధ్యలో ఉండే పెద్ద నట్ బిగించాను. మళ్లీ చూస్తే హ్యాండిల్ బిగుసుకుపోయింది. ఆ నట్ బిగించేకొద్దీ లోపలి రాడ్డు పైకి లాగుతుంది, దాంతో బేరింగు మీద బిగువు మారిపోతుంది. కాబట్టి లెక్కలోకి వచ్చేది నట్ బిగించాక చేసిన పరీక్షే. కుదిరేవరకు నాలుగుసార్లు విప్పాను. యాక్సిలరేటర్ కేబుల్ పొట్టిగా తిప్పి ఉంటే అది కూడా హ్యాండిల్‌ను పట్టి ఉంచుతుంది, ఆ నేరం బేరింగు మీద వేస్తాం. నాకు అదీ జరిగింది.

ఫోర్కు కాళ్లు మెలి తిరిగి బిగిశాయేమోనన్న అనుమానం కూడా తీర్చుకున్నాను. కింది క్లాంపులు, మడ్‌గార్డ్, యాక్సిల్ వదులు చేసి, బండిని కిందికి దించి ఫోర్కును పది పన్నెండు సార్లు నొక్కి వదిలాను. అప్పుడు కాళ్లు వాటంతటవే సర్దుకుంటాయి. యాక్సిల్ బిగించి, పైకి పోతూ మిగతావి బిగించాను. కొత్త సీల్స్ వేసినా ఫోర్కు బిరుసుగా ఉందని అనుకున్నది సగం ఇక్కడే పోయింది.

వణుకు పోయింది. కానీ 80 దాటితే ఇంకొకటి మిగిలింది: బండి మొత్తం మెల్లగా, పడవలా అటూ ఇటూ ఊగడం, సెకనుకు రెండు మూడు సార్లు. ఇది హ్యాండిల్ వణుకు కాదు, ఒంటి కింద తెలుస్తుంది. అలవాటు కొద్దీ మళ్లీ ముందు భాగమే విప్పబోయి ఆగాను. వెనక చక్రాన్ని పట్టుకుని పక్కకు లాగితే స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని ఫ్రేముకు కలిపే చేయి) కదిలింది. అది తిరిగేచోట ఉండే బుష్‌లు అరిగిపోయాయి. ముందు భాగం విప్పకముందు కూడా అరిగే ఉండుంటాయి, కాకపోతే అప్పుడు నా దృష్టి అటు లేదు. బుష్‌లు మార్చాక 90లో కూడా తాడు పట్టినట్టు పోతోంది.

అప్పటి నుంచి బేరింగులను రెండుసార్లు సరిచేశాను. ఒకటి బిగించిన 800 కిలోమీటర్లకు, ఇంకొకటి ఏడాది తర్వాత, అదీ నట్ ఎనిమిదో వంతు తిప్పి. మొన్న 22 వేలకు విప్పి కడిగి చూశాను. కింది కప్పులో రోలర్లు ఆనినచోట సన్నటి నీడలాంటి గీతలు కనపడ్డాయి, గోటితో గీస్తే తగల్లేదు. గ్రీజు నల్లబడింది కానీ ఎండలేదు. కొత్త గ్రీజు పెట్టి మూసేశాను.

మీ బండి కప్పుల్లో గుంటల్లేకపోతే మాత్రం దీని జోలికి పోనక్కర్లేదు, కొత్త బాల్స్, గ్రీజు చాలు. వేయించుకునేవాళ్లు పాత సెట్, కొత్త సెట్ ఎత్తు పక్కపక్కన పెట్టి కొలవండి. నాది కింది బేరింగు రెండు మిల్లీమీటర్లు మందం ఎక్కువ. నడపడానికి ఇబ్బంది లేదు, పైన నట్‌కి మరలు సరిపోయాయి. కానీ స్టీరింగ్ లాక్ రంధ్రం ఆ మేరకు కిందికి పోయింది. నాలుగేళ్లుగా హ్యాండిల్ లాక్ పడటం లేదు, చక్రానికి గొలుసు వేసుకుని తిరుగుతున్నాను.